చెట్టునీడ మాటలు

అభిప్రాయమనగా వేదికపై నిలిచి చెప్పునదియని, పత్రికలో అచ్చుపడునదియని, శాసనసభలో చర్చకు వచ్చునదియని పాఠశాలలలో పిల్లలు నేర్చుకొందురు. వ్యాసరచన పోటీలో ‘స్త్రీ విద్య’ అను శీర్షిక నొసగినచో తొమ్మిదవ తరగతి విద్యార్థి పుటల కొలది వ్రాయును. ఆ వ్రాతయందు మహనీయుల పేర్లుండును, సంవత్సరములుండును, ‘కావున’ అను మాటతో మొదలగు ముగింపు ఉండును. ఆ ఉదయమే అతని యింట తల్లి పొయ్యి దగ్గర నిలిచి, “పక్కింటి పిల్లను ఇంటర్‌తో మాన్పించేశారట, కాలేజీకి రెండు బస్సులు మారాలని. బస్సుల వంకే గాని, సంబంధం వచ్చిందని చెప్పరేం?” అని యన్న మాట మాత్రము ఆ వ్యాసములో నుండదు. అది అభిప్రాయమని అతనికి తోచనే తోచదు. తల్లికిని తోచదు. అది ఊసుపోక అన్న మాట. పప్పు ఉడుకులోపల అన్న మాట.

ఇట్టి మాటలకు మొదలుండదు, తుదియుండదు. పెరటిగోడ కావల నున్న వదినగారితో కందిపప్పు ధరను గూర్చి మొదలై, గుడిలో క్రొత్త పూజారి అర్చన ముగించు తొందరపాటు మీదుగా సాగి, బడిలో చీపురు ఎవరిచేత పట్టించుచున్నారను ప్రశ్నకు వచ్చును. “ఆడపిల్లలకే ఎందుకివ్వాలి వదినా చీపురు? మగపిల్లలకు చేతుల్లేవా?” అంతలో కుక్కరు కూయగానే సంభాషణ ఆగిపోవును. ఉపన్యాసకునకు ఈ సౌకర్యము లేదు. అతడొక విషయమును చేపట్టి చివరివరకు దానినే పట్టుకొని యుండవలెను. ఇల్లాలి మాట ఎల్లప్పుడును ఒక వస్తువునో, ఒక మనిషినో, ఒక ఖర్చునో అంటిపెట్టుకొని యుండును. ‘స్త్రీల ఆర్థిక స్వాతంత్ర్యము’ అను పదబంధము ఆమె నోట రాదు. “చెల్లెలి పెళ్ళికి వెయ్యి నూటపదహార్లు చదివించాలన్నా ఆయన జేబువైపే చూడాలి” అను వాక్యము వచ్చును. రెంటి యర్థము నొకటియే. రెండవదానిలో నొప్పి యెక్కడ నున్నదో కూడ తెలియును.

పల్లెయందు ప్రతి మాటకును బంధువర్గమే న్యాయస్థానము; మహానగరమున ఎవరేమన్నను వినువారు తక్కువ. చిన్న పట్టణము ఈ రెంటి నడుమ నున్నది. అక్కడ కళాశాల కలదు, శాఖా గ్రంథాలయము కలదు, కోర్టు కలదు, రైలు దిగి వచ్చు క్రొత్త సంగతులు కలవు. అయినను నాలుగు వీధుల కావల ఎవరి యమ్మాయి ఎవరితో మాటలాడెనో సాయంకాలమునకు తెలిసిపోవును. అందుచేత అక్కడ ఉదారాభిప్రాయమునకు వెల కలదు. వితంతువగు చెల్లెలిని పేరంటములో అందరితోపాటు కూర్చుండబెట్టి తాంబూలమిచ్చిన యిల్లాలు, ఆ మీదట తన కెన్ని పిలుపులు వచ్చినవో లెక్క చూచుకొనవలసి యుండును. “ఆ మూడు రోజులూ మా అమ్మాయి మంచం మీదే పడుకుంటుంది, ఏం?” అని యన్న తల్లికి, కూతురి సంబంధము కుదురువరకు ఆ మాటను గుర్తుచేయువారుందురు. ఊరక యన్నట్లు కనబడు మాట ఊరక వచ్చినది కాదు.

ఇట్టి మాటలకు వాటి పలుకుబడి చెడకుండ అచ్చులో చోటు కల్పించిన రచయిత్రి కనుపర్తి వరలక్ష్మమ్మ. 1896లో బాపట్లలో జన్మించి 1978లో మరణించిన ఈమె పేరు ఆ యూరి పేరుతో ముడిపడి యున్నది. 1913లో ప్రథమాంధ్ర మహాసభ సమావేశమైన ఊరది. తెలుగువారికి ప్రత్యేక రాష్ట్రము కావలెనా వలదా యని పెద్దలు తర్కించిన ఆ పట్టణపు స్త్రీయే, కొంత కాలమునకు ‘మా చెట్టునీడ ముచ్చట్లు’ అను శీర్షికను ఆంధ్రపత్రికలో లీలావతి యను కలము పేరుతో వ్రాసెను. సభకును చెట్టునీడకును గల భేదము ఆ శీర్షికలోనే యున్నది. సభకు వేదికను రెండు దినముల కొరకు కట్టి విప్పుదురు. చెట్టు క్రింద రోజును కూర్చుందురు.

తరువాత వచ్చినవి ‘శారద లేఖలు’. డాక్టరు కె. ఎన్. కేసరి 1928లో మద్రాసు నుండి ప్రారంభించిన ‘గృహలక్ష్మి’ మాసపత్రికలో, శారద యను నామె తన స్నేహితురాలగు కల్పలతకు వ్రాయు ఉత్తరములుగా ఇవి వెలువడెను. (కేసరిగారి ‘లోధ్ర’ మందు ఆ తరము స్త్రీలకు పత్రిక యెంత పరిచితమో అంతయు పరిచితము. మందు అందించిన చేయియే మాటను గూడ ఇంటింటికి చేర్చెననుట తప్పుగాదు.) ఉత్తరమను రూపము నెన్నుకొనుటలో ఆమె తెలివి కానవచ్చును. వ్యాసము వ్రాసినచో ఎవరీమె, ఏమి చదివినది, ఏ యధికారముతో చెప్పుచున్నదని అడుగుదురు. ఉత్తరమునకు ఒక స్నేహితురాలుండిన చాలును. విషయము మార్చుట కెవరి యనుమతియు నక్కరలేదు. ఖద్దరు, అస్పృశ్యత, స్త్రీవిద్య, వివాహ చట్టములు మున్నగు ఆనాటి పెద్ద విషయములు ఆ లేఖలలో క్షేమసమాచారముల పక్కన కూర్చున్నవి.

ఆ సంవత్సరములు సామాన్యమైనవి కావు. హరవిలాస్ శారదా ప్రతిపాదించిన బాల్యవివాహ నిరోధక చట్టము 1929లో ఆమోదము పొంది 1930 ఏప్రిలు 1 నుండి అమలులోనికి వచ్చెను. వివాహమునకు బాలికకు 14, బాలునకు 18 సంవత్సరములు నిండవలెనని దాని నియమము. చట్టము పుట్టుటకును అమలగుటకును నడుమ దొరికిన నెలలలో దేశమందు పలుచోట్ల పసిపిల్లల పెండ్లిండ్లు తొందర తొందరగా జరిపించిరి. ముహూర్తములకు కరవు రాలేదు. ధర్మశాస్త్రముల పేర చట్టము నెదిరించిన పండితు లొకవైపు, విదేశీ ప్రభుత్వమునకు హిందువుల పెండ్లిండ్లతో పనియేమని యడిగినవారు మరియొకవైపు నిలిచిరి. అట్టి సమయమున ఒక యిల్లాలు మరియొక యిల్లాలికి వ్రాయు నుత్తరములో ఆ చట్టము ప్రసంగవశమున వచ్చుట చిన్న సంగతి కాదు. వరలక్ష్మమ్మకు 1909లో వివాహమైనది. నాటి కామెకు పదునాలుగేండ్లు నిండలేదు. ఆమె యభిప్రాయము కేవలము పుస్తకములు చదివి యేర్పరచుకొన్నది కాదనుటకు ఈ యొక్క లెక్క చాలును.

1931లో బాపట్లలో ఆమె స్త్రీ హితైషిణీ మండలిని స్థాపించెను. 1934లో గృహలక్ష్మి స్వర్ణకంకణమును మొదట అందుకొన్న రచయిత్రియు నామెయే. ఈ గౌరవములు సాహిత్య చరిత్రలలో దొరకును. ఆమె లేఖల పద్ధతి మాత్రము పాఠ్యపుస్తకములలో తగినంత నిలువలేదు. నీతి చెప్పు కథను పాఠముగా పెట్టుట సులభము. ఒక విషయము నుండి మరియొక విషయమునకు మరలు ఇల్లాలి ఉత్తరమునకు ప్రశ్నలు తయారుచేయుట కష్టము.

అయితే ఈ చెట్టునీడ మాటలను గూర్చి ఒక ఆక్షేపణ కలదు, అది బలమైనది. ఇల్లాలి ఉదారభావము గడపవరకే వచ్చి ఆగునని విమర్శకు లందురు. ఆ మాటలో నిజము లేకపోలేదు. అంటరానితనము పాపమని పొరుగువారితో చెప్పిన తల్లి పెరటి గూటిలోనే, అంట్లు తోమ వచ్చు స్త్రీకి కాఫీ పోయు గ్లాసు వేరుగా నుండును. అది పాపమని ఆమె యనుకొనదు. అది ‘ఆమె గ్లాసు’, అంతియే. ఆడపిల్లకు ఆస్తి రావలెనని వాదించిన తల్లియే, తన తండ్రి పోయిన పిమ్మట అన్నదమ్ములు చూపిన కాగితముపై సంతకము చేసి వచ్చును. చట్టము లేక కాదు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టము కుమార్తెకు తండ్రి భాగములో వాటా నిచ్చెను. 1986లో ఆంధ్రప్రదేశ్ చేసిన సవరణ పుట్టుకతోనే ఉమ్మడి ఆస్తిలో హక్కు నిచ్చెను. అంతకుముందే వివాహమైన కుమార్తెలను మాత్రము వెలుపల నుంచెను. 2005లో దేశమంతటికి వచ్చిన సవరణ ఆ యడ్డును గూడ తొలగించెను. అయినను ఆమె సంతకము చేయును. ఏలనని యడిగినచో, “పుట్టింటికి దారి ఉండాలి గదా” అనును. ఆ దారి వెల ఎంతయో ఏ రిజిస్ట్రారు కచేరిలోను వ్రాసియుండదు.

అన్నిటికంటె కఠినమైన పరీక్ష కుమారుని వివాహము. కూతురి పెండ్లినాడు కట్నము దురాచారము. కుమారుని పెండ్లినాడు అది ‘వాళ్ళమ్మాయికి వాళ్ళు పెట్టుకునేది’. 1961 నాటి వరకట్న నిషేధ చట్టము పుచ్చుకొన్నవారిని, ఇచ్చినవారిని కూడ నేరస్థులనుగా జేసెను. ఆ సంగతి ఆమెకు తెలియకపోదు. పిల్లల చేత సాంఘికశాస్త్రము వల్లె వేయించినది ఆమెయే. ఇట్టి యింట జరుగు సంభాషణ నొకదానిని ఊహించుట కష్టము కాదు. డిగ్రీ చదువు కూతురు వంటింటి గుమ్మమున నిలిచి యడుగును:

“పిన్ని కూతురి పెళ్ళప్పుడు నువ్వేమన్నావమ్మా? కట్నమిచ్చి చేసే పెళ్ళికి అక్షింతలు వేయడానికి కూడా రానన్నావు.”

“అన్నాను.”

“మరి అన్నయ్య పెళ్ళికి?”

“మనమేం అడగలేదుగా. వాళ్ళే ఇష్టపడి పెడుతున్నారు.”

“పిన్నీ వాళ్ళూ అదే అన్నారమ్మా.”

తల్లి బదులు చెప్పదు. చింతపండులో పిక్కలు తీయుట ప్రారంభించును. తీసినవానినే మరల చూచును.

విమర్శకుడు ఇక్కడ ఆగి, చూచితిరా, ఇదియే ఈ యుదారత్వపు బండారమని చెప్పును. కాని ఆ కూతురు ఆ ప్రశ్న నెక్కడనుండి తెచ్చుకొన్నది? పాఠ్యపుస్తకము నుండి కాదు. పుస్తకములోని వాక్యము పరీక్షతో తీరిపోవును. ఆమె తెచ్చినది తల్లి మాటనే. ఎన్నడో, ఏ పెండ్లి శుభలేఖయో చేతికి వచ్చినపుడు, కోపముతో నన్న మాట. ఆ మాటను పిల్ల దాచుకొన్నది, అప్పుపత్రమువలె దాచుకొని గడువు వచ్చినపుడు చూపినది. ఆ తల్లి మొదటనే నోరు మెదపకుండిన యెడల ఆమెలో ఈ వైరుధ్యము కనబడెడిదే కాదు; ఆమెను తప్పుపట్టుటకు కూతురికి ఆధారమే యుండెడిది కాదు. వేదికపై వరకట్నమును ఖండించి యింటికి వచ్చి లాంఛనములు లెక్కపెట్టుకొన్న పెద్దమనిషికి ఈ చిక్కు లేదు. అతని యుపన్యాసమును అతని పిల్లలు విని యుండరు.

చెట్టునీడ మాటలన్నియు ఉదారమైనవని అనుకొనుట మాత్రము పొరపాటు. అక్కడనే ఒక కోడలి వంట, ఒక పిల్ల నడక, ఒక యింటి కులము విచారణకు వచ్చును. ఆ విచారణలో ముద్దాయి పక్షమున మాటలాడువారుండరు. అట్టి చోట ఒక స్త్రీ, “పోనిద్దురూ, మన పిల్లలు మాత్రం?” అని యనినచో అంతటితో సంభాషణ దారి మారును. ఈ వాక్యమునకు అచ్చులో విలువ లేదు. వీధిలో ఒక బాలిక చదువు నిలిచినను నిలువవచ్చును, ఆగినను ఆగవచ్చును. అది చాల సార్లు ఇట్టి వాక్య మెవరైన అందురా అనరా యనుదానిపై నాధారపడి యుండును.

ఉపాధ్యాయులకు ఈ విషయముతో ప్రసక్తి కలదు. ‘మా అమ్మ’ అను వ్యాసము ప్రతి బడిలోను ప్రతి సంవత్సరమును వ్రాయింతురు. ఆ వ్యాసములలోని తల్లి తెల్లవారకముందే లేచును; ముగ్గు వేయును; అందరికి వండిపెట్టి చివర తాను తినును; ఓర్పున భూదేవి. నలుబది నోటుపుస్తకములు దిద్దినను నలుబదింటిలో ఈ తల్లియే. ఆమెకు అలసట కలదు, ప్రేమ కలదు, అభిప్రాయము మాత్రము లేదు. ఒక్క తల్లియు దేనిని గూర్చియు ఏమియు అనదు. పిల్లలు అబద్ధము వ్రాయుచున్నారని కాదు. ఏది వ్రాయదగినదియో, ఏది కాదో వారికి చిన్ననాటనే తెలియజెప్పబడినది. తల్లి చాకిరి వ్యాసమునకు తగినది, తల్లి మాట తగదు. తలిదండ్రుల సమావేశమునకు వచ్చిన తల్లిని సంతకము చేయుమని యడుగుదురేగాని, మధ్యాహ్న భోజనపు సాంబారెట్లున్నదనియైన నడుగుట అరుదు. అడిగినచో పప్పు బద్దలు లెక్కించినట్లు చెప్పగలదు. ఆపైన కాంట్రాక్టును గూర్చి కూడ రెండు మాటలు చెప్పగలదు. బహుశః అందుచేతనే అడుగరు.

వరలక్ష్మమ్మ లేఖలను చదివిన ఉపాధ్యాయుడు ఎవరైనను, ఈ సంవత్సరము ఆ వ్యాసమును కొంచెము మార్చి యిచ్చి చూడవచ్చును. తల్లిని వర్ణింపవలదని, ఒక వారము దినములలో ఆమె ఇతరులను గూర్చి, ఊరిని గూర్చి, ధరలను గూర్చి, చదువును గూర్చి అన్న మాటలను ఆమె పలికినట్లే వ్రాసి తెమ్మని విద్యార్థులకు చెప్పవచ్చును. భాష దిద్దవలదు. ముందొక మాట, తరువాత దానికి విరుద్ధమైన మాట అనినచో రెండును వ్రాయవలెను. ఏ పని చేయుచు అన్నదో, ఎవరు వినుచుండగా అన్నదో, తండ్రి గుమ్మములోనికి రాగానే ఏ మాట సగములో ఆగిపోయినదో అదియు వ్రాయవలెను. దానికి మార్కు లెట్లు వేయవలెనో ఏ సూచికలోను లేదు. మొదటి వారము పిల్లలు, “మా అమ్మ ఏమీ అనలేదు సార్” అని ఖాళీ పుట తెత్తురు. రెండవ వారము మరల అడుగవలెను.