చెట్ల లెక్కలో ఆమె పేరెక్కడ?

వాతావరణం మారుతోందని గోదావరి ఒడ్డున బతికే స్త్రీలకు ఎవరూ చెప్పనక్కర్లేదు. 2022 జూలైలో భద్రాచలం దగ్గర నీటిమట్టం 71 అడుగులు దాటింది. 1986 తర్వాత అంతటి వరద అదే. కాబట్టి బొగ్గు తగ్గాలి, అడవి పెరగాలి అనే మాటతో మనకు పేచీ లేదు. పేచీ అల్లా ఆ భారం ఎవరి నెత్తిన పడుతోంది, ఆ ఫలం ఎవరి పేరున జమ అవుతోంది అన్న దగ్గరే.

2030 నాటికి అడవులు, చెట్ల ద్వారా 250 నుంచి 300 కోట్ల టన్నుల బొగ్గుపులుసు వాయువును అదనంగా పీల్చుకునేలా చేస్తామని మన ప్రభుత్వం ప్రపంచానికి మాట ఇచ్చింది. ఆ చెట్లు ఢిల్లీ రాజవీధుల్లో నాటరు కదా! మన గూడేల పక్కనే నాటుతారు.

ఈ వ్యాపారం మన ప్రాంతానికి కొత్త కాదు. సారపాక కాగితం మిల్లు నడిపే ఐ.టి.సి. సంస్థ సామాజిక వనాల పథకం 2009లో ఐక్యరాజ్యసమితి వారి 'స్వచ్ఛ అభివృద్ధి యంత్రాంగం' కింద నమోదైంది. ఖమ్మం జిల్లాలో మూడు వేల హెక్టార్ల పైచిలుకు రైతు భూముల్లో జామాయిల్ వేసి, ఏటా 57 వేల టన్నులకు పైగా వాయువును పీల్చినట్టు లెక్క చూపే పథకం అది. దాని పేరులోనే ఉంది, 'తీవ్రంగా క్షీణించిన భూములు' అని.

ఈ 'క్షీణించిన భూమి' అన్న మాట దగ్గర మనం కాసేపు ఆగాలి. కాగితాల మీద క్షీణించిన నేల ఒక కోయ స్త్రీకి ఏమిటి? మేకలు మేపే చోటు, పొయ్యిలోకి పుల్లలు ఏరుకునే చోటు, వానలు పడితే ఆకుకూర దొరికే చోటు. నాలుగు గంపల జొన్నలో కందులో పండినా అవి నేరుగా ఆమె గాదెలోకి వస్తాయి. దీనికి ధర కట్టే పద్ధతి ఏ కర్బన లెక్కలోనూ లేదు. ధర లేనిది లేనట్టే!

జామాయిల్ వేసిన ప్రతి రైతూ మోసపోయాడని నేను అనడం లేదు. వర్షాధారపు చెలక ఉన్నవాడికి అది కొంత ధీమా. కానీ ఆ పంట నాలుగైదేళ్లకోసారి కోతకొస్తుంది. డబ్బు ఒక్కసారిగా, పట్టా ఎవరి పేరున ఉంటే వారి చేతికి వస్తుంది. మధ్యలో ఉండే కలుపు తీతలు, కోతలు, నూర్పిళ్లు, అంటే స్త్రీల కూలి దినాలు, మాయమవుతాయి. ఇంటి ఆదాయం పెరిగిందని సర్వే చెప్పవచ్చు. ఆ ఇంట్లో ఆమె చేతిలో ఆడే డబ్బు తగ్గిందని ఏ సర్వే చెబుతుంది?

ఇదే లెక్క ఇంకోలా కూడా జరగవచ్చు. ఆదిలాబాద్ అడవుల్లోని పవర్‌గూడలో గోండు స్త్రీల సంఘం కానుగ చెట్లు పెంచి, 2003లో 147 టన్నుల లెక్కను ప్రపంచబ్యాంకుకు అమ్మింది. వచ్చింది 645 డాలర్లు, అప్పటి ధరలో ముప్పై వేల రూపాయలకు లోపే. ప్రపంచబ్యాంకు తన సమావేశం వల్ల వెలువడిన వాయువుకు ఆ గూడెం చేత పరిహారం చేయించుకోవడం నాకు నవ్వు తెప్పిస్తుంది. అయినా ఒక్క తేడా గమనించాలి. ఆ డబ్బు వచ్చింది సంఘం పేరున. కానుగ గింజ నుంచి వచ్చే నూనె ఊళ్లోనే ఉంది, చెట్టు నరకనక్కర్లేదు.

పట్టా లేని పోడు భూముల్లో పరిస్థితి మరీ ఘోరం. 2015లో మొదలైన హరితహారం మొక్కలు చాలాచోట్ల పోడు చాళ్ల మీదకే వచ్చాయి. 2022 నవంబరులో చండ్రుగొండ మండలం ఎర్రబోడు దగ్గర ప్లాంటేషన్ గొడవలో రేంజి అధికారి శ్రీనివాసరావు హత్యకు గురయ్యారు. ఆ హత్యను ఎవరం సమర్థించం. కానీ మొక్కలు నాటే ముందు హక్కులు తేల్చి ఉంటే కొడవలి దాకా వచ్చేదా? 2023లో రాష్ట్రంలో సుమారు లక్షన్నర మందికి నాలుగు లక్షల ఎకరాలకు పైగా పోడు పట్టాలిచ్చారు. మంచిదే. భార్యాభర్తలిద్దరి పేర్లూ పట్టాలో ఉండాలని 2006 అటవీ హక్కుల చట్టం నాలుగో సెక్షన్ చెబుతోంది. ఒంటరి స్త్రీ ఇంటిపెద్ద అయితే ఆమె పేరునే ఇవ్వాలి. మనం పనిచేసే ఊళ్లలో పాసుపుస్తకాలు తెరిచి చూద్దాం.

ఇక బొగ్గు సంగతి. పాల్వంచలో 720 మెగావాట్ల పాత స్టేషన్లు 2020కి మూతపడ్డాయి. 2024 ఆగస్టులో ఎనిమిది కూలింగ్ టవర్లను పేల్చి కూల్చేశారు. అయితే అక్కడే 800 మెగావాట్లు, మణుగూరులో 1,080 మెగావాట్లు కొత్తగా వచ్చాయి. అంటే బొగ్గు ఇంకా పోలేదు. పోయే రోజు వచ్చినప్పుడు పరిహారం 'ఉద్యోగం కోల్పోయినవారికి' అంటారు. 1952 గనుల చట్టం స్త్రీలను భూగర్భంలోకి దిగనివ్వలేదు. 2019లో గానీ ఆ ఆంక్ష సడలలేదు. అంత కాలం ఉద్యోగం రానివ్వకుండా చేసి, ఇప్పుడు ఉద్యోగమే పరిహారానికి అర్హత అంటే ఏమనాలి? క్వార్టర్లలో పాచిపని చేసేవాళ్లు, గేటు ముందు టిఫిన్ బండి పెట్టుకున్నవాళ్లు, కాంట్రాక్టరు కింద ఊడ్చేవాళ్లు ఏ మస్టరులో కనిపిస్తారు?

ముందు చేయగలిగిన పని ఒకటుంది. 2012లో సవరించిన నియమాల ప్రకారం అటవీ హక్కుల గ్రామసభకు సగం మంది హాజరవ్వాలి, వచ్చినవారిలో మూడోవంతు స్త్రీలుండాలి. ఆ హాజరు పుస్తకం అడిగి చూడండి. వేలిముద్రలు సభలో పడ్డవో, తర్వాత ఇంటింటికీ తిరిగి వేయించుకున్నవో ఆ ఊరి స్త్రీలనే అడగండి. సంత రోజున సభ పెడితే వారు రాలేరు. తునికాకు రోజుల్లో పెడితే అసలే రారు. చెట్ల ఒప్పందమైనా, సోలారు పలకలకు స్థలమైనా స్త్రీలు కూర్చున్న ఆ సభ ఒప్పుకోకుండా సంతకం కాకూడదని ప్రతి మండలం నుంచీ భద్రాచలం ఐ.టి.డి.ఏ.కు రాసిద్దాం. రాసిచ్చిన కాగితానికి రసీదు తీసుకుందాం.