ఉచితమైనచో బాధ్యత లేదా?

కాన్పు స్త్రీకి పునర్జన్మ యని మన పెద్దల మాట. ఆ మాట పుట్టిన కాలమున ఊరికొక వైద్యుడు లేడు. నెత్తురెక్కించు సాధనము లేదు. గర్భమందలి బిడ్డ గుండె చప్పుడు వినుటకు ఒక గొట్టమైనను లేదు. నాడు జరిగిన కీడును నుదుటివ్రాత యని కన్నీరు తుడుచుకొనుట తప్ప వేరు గతి లేకుండెను. నేడో, ఇంటివద్ద మంత్రసాని చేతిమీదుగా జరుగు కాన్పులను మాన్పించి, ప్రభుత్వమే బండి పంపి, తల్లులను ఆసుపత్రికి పిలిపించుకొనుచున్నది. అట్లు నమ్మి వచ్చిన తల్లికి, ఆ నాలుగు గోడల నడుమ, చూడవలసినవారు చూడవలసిన వేళ చూడకపోవుటచేత కీడు మూడినచో, దానిని గూడ నుదుటివ్రాతయే యనవలెనా? ఇదియే నేటి మా ప్రశ్న.

ముందుగా ఒక మాట. వైద్యులపై కత్తి నూరుటకు మేము కలము పట్టలేదు. ప్రసూతిలో కలుగు ప్రతి కీడును అపరాధము కాదు. మెదడు దెబ్బతిని కాలుసేతులు స్వాధీనము తప్పు సెరిబ్రల్ పాల్సీ యను స్థితి పెక్కుమంది బిడ్డలకు నొప్పులు రాకమునుపే, గర్భమునందే ప్రాప్తించునని వైద్యశాస్త్రము చెప్పుచున్నది. అందులకు ఎవరిని నిందింతుము? కాని గడియారము చూచుకొని చేయవలసిన పనులు కొన్ని కలవు. నొప్పులు ముదిరిన పిదప అరగంటకు మించకుండ ఒకసారియు, బిడ్డ బయటపడు వేళ అయిదు నిమిషముల కొకసారియు బిడ్డ గుండె వినవలయునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. పుట్టిన బిడ్డకు కామెర్లు ముదురుచున్నవేమో కనిపెట్టవలయును. నెలతక్కువ బిడ్డ కన్నులను మొదటి మాసములోపల పరీక్షింపవలయును. ఇందులో మహావిద్య యేమియు లేదు, కావలసినది జాగరూకత. ఆ జాగరూకత లోపించుటవలన కలిగిన కీడు దైవికము కాదు, మానుషము. దైవికమునకు ఓర్పు మందు. మానుషమునకు న్యాయము మందు.

ఈ భేదము ఎంత నిజమో ఒక కేసు చెప్పును. 1996 ఆగస్టులో చెన్నపట్టణమునందలి ఒక ప్రభుత్వ ప్రసూతి వైద్యశాలలో, గర్భము 29వ వారముననే, 1250 గ్రాముల బరువుతో ఒక ఆడుబిడ్డ పుట్టినది. అంత చిన్న బిడ్డలకు కంటి వెనుకపొర చెడు రోగము రావచ్చుననియు, సకాలమున కనుగొన్నచో చూపు నిలుపవచ్చుననియు వైద్యులకు తెలియనిది కాదు. ఐనను ఆ కన్నులను ఎవరును పరీక్షింపలేదు. పరీక్ష చేయించుడని తల్లిదండ్రులతో చెప్పినవారును లేరు. బిడ్డ చూపు పోయినది. జాతీయ వినియోగదారుల కమిషను 2009లో 5 లక్షల రూపాయలు ఇప్పించినది. తుదకు 2015 జులై 1వ తేదీన సుప్రీం కోర్టు, ముందుముందు కాబోవు చికిత్సకు 1 కోటి 38 లక్షలును, అప్పటికైన వ్యయమునకు 42 లక్షలకు పైగాను చెల్లింపుమని తీర్పు చెప్పినది. న్యాయము గెలిచినది, సంతోషమే. కాని పాఠకులు లెక్క చూడవలయును. పొత్తిళ్లలోని బిడ్డ పెండ్లియీడు కన్య యగునంత కాలము ఆ తండ్రి కోర్టు గడపలు ఎక్కి దిగినాడు. ఆయన ఓపిక ఎందరికుండును?

అట్టి కుటుంబమునకు నేడు చట్టము చూపు దారు లేవో చెప్పుట మా వృత్తిధర్మము. మొదటిది వినియోగదారుల కమిషను. సొమ్ము చెల్లించి పొందిన వైద్యము ఈ చట్టము క్రింద సేవయే యని సుప్రీం కోర్టు 1995లోనే తేల్చినది. 2019 నాటి క్రొత్త చట్టములో ఆరోగ్యమను మాట కానరాదు గనుక వైద్యులు తప్పించుకొనిరని కొందరు వాదించిరి; ఆ వాదమును బొంబాయి హైకోర్టు 2021లోను, సుప్రీం కోర్టు 2022లోను త్రోసిపుచ్చినవి. ఆసుపత్రికి చెల్లించిన సొమ్ము 50 లక్షలు దాటనంతవరకు, కోరిన పరిహార మెంతయైనను, కేసు జిల్లా కమిషనులోనే వేయవచ్చును. తాము నివసించు జిల్లాలోనే వేయవచ్చును. ఆసుపత్రికి చెల్లించినది 5 లక్షల లోపైనచో దాఖలు రుసుము లేదు. వకీలును పెట్టుకొని తీరవలయునను నిర్బంధము లేదు. ప్రతి కేసులోను వేరొక నిపుణుడైన వైద్యుని సాక్ష్యము కావలయునను వాదమును, హైదరాబాదునుండి పోయిన ఒక కేసులో సుప్రీం కోర్టు 2010లో అంగీకరింపలేదు. తప్పు తనంతట తానే పలుకు చోట నిపుణుడు పలుకనక్కరలేదు.

వినుటకు ఇంపుగనే యున్నది. కాని ఈ దారి ఎవరికి? సొమ్ము చెల్లించినవారికి! అందరికిని ఉచితముగా చికిత్స చేయు ఆసుపత్రి ఈ చట్టమునకు వెలుపలిదని ఆ 1995 తీర్పే చెప్పినది. కొందరివద్ద సొమ్ము పుచ్చుకొని కొందరికి ఉచితముగా చేయు చోట ఉచితముగా పొందినవారికిని హక్కు కలదు; బీమా సంస్థయో యజమానియో సొమ్ము చెల్లించినను హక్కు కలదు. ఒక్క పైసాయైన ఎవరివద్దను పుచ్చుకొనని చోట మాత్రము లేదు. ప్రజలు పన్నులు కట్టుచున్నారు గదా యన్నచో, పన్ను సేవకు వెల కాదని సమాధానము చెప్పిరి.

న్యాయస్థానమునందు మాకు గౌరవము కలదు. ఐనను ఈ భేదము మా మనస్సునకు ఎక్కదు. పట్టణములో వేలు పోసి కాన్పు చేయించుకొన్న గృహిణి బిడ్డకు కీడు కలిగినచో తలుపు తెరచి యుండును; నాట్లు వేయు కూలిది బిడ్డకు అదే కీడు, అదే తప్పుచేత, ప్రభుత్వ ఆసుపత్రిలో కలిగినచో తలుపు మూసికొనును. ఆ కూలిది చీరకొన్నను అందులో పన్ను కలదు. ఆమె ఆ ఆసుపత్రికి బిచ్చమునకు పోలేదు. తన ఇంటికి తాను పోయినది. ఉచితమనగా ముందే వెల చెల్లింపబడినదని అర్థము గాని, వెల లేనిదని అర్థము కాదు. వెల లేని ప్రాణమని అంతకంటె కాదు.

అట్టివారికి దారియే లేదని మేమనము. సివిలు కోర్టున్నది. 1963లో ఔరంగాబాదు ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పైన ఒక తల్లికి, వెంటనే చేసిన ఆపరేషనులో కడుపున గుడ్డ మరచిరి, ఆమె మరణించినది. వైద్యుల తప్పునకు ప్రభుత్వము ఉత్తరవాది యని సుప్రీం కోర్టు తేల్చినది నిజమే, తేల్చినది 1996లో! హైకోర్టులో రిట్టు వేయవచ్చును. తల్లి ఆరోగ్యము రాజ్యాంగము 21వ అధికరణమున చెప్పిన జీవించు హక్కులో భాగమేయని ఢిల్లీ హైకోర్టు 2010లో పలికి, పేద కుటుంబములకు పరిహార మిప్పించినది. కాని కూలివాడు హైకోర్టు మెట్లెక్కుట ఎంత సులువో మాకు తెలియును, మీకును తెలియును.

ఇక కొందరు క్రోధముతో పోలీసు ఠాణాకు పరుగెత్తుదురు. ఘోరమైన అజాగ్రత్త యున్నప్పుడే వైద్యుడు నేరస్థుడగునని 2005 నాటి జేకబ్ మాథ్యూ తీర్పు చెప్పుచున్నది; వేరొక వైద్యుని నిష్పాక్షికాభిప్రాయము లేకుండ పోలీసులు ముందుకు పోరాదు. మరణము సంభవించిన చోట భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షను వైద్యునకు రెండేండ్లవరకు శిక్ష విధించును. వైద్య మండలికి ఫిర్యాదు చేసినచో పట్టా నిలుపుదల చేయవచ్చును. ఇవి తగిన చోట తగినవే. ఐనను వీనివలన మంచమునకంటిన బిడ్డకు ఒక పూట మందును రాదు. ఆసుపత్రి అద్దములు పగులగొట్టి నర్సులను కొట్టువారు న్యాయము కోరువారు కారు. తమ కేసును తామే చంపుకొనువారు.

మా అనుభవములో ఓడిన కేసులలో పెక్కు చట్టము లేక ఓడినవి కావు. కాగితము లేకయు, కాలము మించియు ఓడినవి. నాలుగేండ్ల బిడ్డను భుజమున వేసికొని ఒక తండ్రి మా యొద్దకు వచ్చెను. ఆ బిడ్డ మెడ నిలుపలేదు. కాన్పునాటి కాగితములేవి యని అడిగితిమి. చొక్కా జేబులోనుండి మందుల అంగడి చీటీ యొకటి తీసి చూపెను. అంతే! ‘పెద్ద డాక్టరుగారు తలవ్రాత అన్నారండీ, ఊరకుంటిమి’ అనెను. చేతులు కాలిన పిదప ఆకులు పట్టుకొని యేమి లాభము?

కావున పఠనమందిరములలో ఈ పత్రిక చదువువారు, చదువలేనివారికి ఈ నాలుగు మాటలు చేర్పవలయును. ఒకటి: రోగియో, రోగి తరపువారో అడిగిన 72 గంటలలో చికిత్సా పత్రములు ఈయవలయునని 2002 నాటి వైద్యవృత్తి నిబంధనలు శాసించుచున్నవి, ఆసుపత్రిలో చేరినవారి పత్రములను మూడేండ్లే దాచుదురు గనుక వ్రాతపూర్వకముగా వెంటనే అడుగవలయును. రెండు: వినియోగదారుల కేసు రెండేండ్లలో వేయవలయును. తగిన కారణమున్నచో ఆలస్యమును మన్నింపవచ్చును గాని దానిని నమ్ముకొనరాదు. బాధ తెలిసియు తొమ్మిదేండ్లు ఊరకున్న ఒక స్త్రీ కేసును సుప్రీం కోర్టు 2010లో కాలదోషమని త్రోసివేసినది. మూడు: స్త్రీలకును పిల్లలకును, ఆదాయ మెంతయైనను, 1987 నాటి చట్టము ప్రకారము ఉచిత న్యాయసహాయము పొందు హక్కు కలదు, ప్రతి జిల్లాలోను న్యాయసేవాధికార సంస్థ కలదు. నాలుగు: కేసు గెలిచినను ఓడినను, సెరిబ్రల్ పాల్సీ గల బిడ్డకు 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము క్రింద గుర్తింపు పత్రమును, నిరామయ బీమా క్రింద లక్ష రూపాయలవరకు చికిత్సాసహాయమును కలవు. ఎవరి తప్పో తేలువరకు బిడ్డ ఆకలి ఆగదు గదా!

ఈ నాలుగును పుండునకు కట్టు మాత్రమే. పుండు మానుటకు ప్రభుత్వము చేయవలసినది వేరుగా నున్నది. ఉచిత వైద్యశాలలను గూడ వినియోగదారుల చట్టము పరిధిలోనికి తేవలయును. ప్రతి తల్లికి ఇంటికి పంపునప్పుడే, అడుగకయే, కాన్పు పత్రముల నకలు చేతికీయవలయును. అన్నిటికంటె ముఖ్యముగా, తప్పు ఎవరిదను తగవుతో నిమిత్తము లేకుండ, కాన్పులో దెబ్బతిన్న బిడ్డలను పోషించు నిధి నొకదానిని స్థాపింపవలయును.

ఇది గాలిలో మేడ యని నవ్వువారికి మా సమాధానమిది. జపాను దేశము 2009లో ఇట్టి యేర్పాటు చేసినది. అక్కడ కాన్పు వేళ సెరిబ్రల్ పాల్సీ పొందిన బిడ్డ, నియమములకు లోబడి, మొత్తము 3 కోట్ల యెన్నులు విడతలుగా పొందును. అంతేగాక ఒక్కొక్క కేసు కారణమును నిపుణులు శోధించి, మరల జరుగకుండుటకు ప్రకటింతురు. జపాను దాక పోనేల? గుద్దిన బండి ఏదో తెలియకున్నను, చనిపోయినవాని కుటుంబమునకు 2 లక్షలు, తీవ్రముగా గాయపడినవానికి 50 వేలు ఇచ్చు నియమము 2022నుండి మన దేశముననే కలదు. పిల్లలు వద్దని చేయించుకొన్న ఆపరేషను విఫలమైనను ప్రభుత్వము పరిహారమిచ్చు పద్ధతి 2005నుండి కలదు. బిడ్డ పుట్టకుండ చేయుటలో జరిగిన పొరపాటునకు వెల కట్టిన ప్రభుత్వము, బిడ్డ పుట్టుటలో జరిగిన పొరపాటునకు వెల కట్టజాలదా?

సొమ్మెక్కడిదని అడుగుదురు. సొమ్ము ఇప్పుడును వ్యయమగుచునే యున్నది. ప్రభుత్వ ఖజానానుండి గాక, కూలితల్లి పుస్తెలనుండి వ్యయమగుచున్నది. వైద్యులు బెదరి కాన్పులు చేయుట మానుదురని భయపెట్టుదురు. నిజమునకు నిధి యున్నచోటనే వైద్యునకు నిర్భయము. బిడ్డ పోషణ కొరకు వైద్యుని కోర్టుకు లాగవలసిన యగత్యము అక్కడ తగ్గును. ఒంటరి నర్సు ఒకే రాత్రి పెక్కు మంచముల నడుమ పరుగెత్తునట్లు చేసినవారెవరో, నర్సుల ఖాళీలను పూరింపనివారెవరో, అప్పుడు గాని బయటపడదు. అజాగ్రత్త తరచుగా మంచము ప్రక్కన కాదు, దస్త్రము ప్రక్కన పుట్టుచుండును.

స్వరాజ్యము వచ్చి ముప్పాతిక శతాబ్దము దాటినది. అది ఎర్రకోటమీది జెండాలో మాత్రమే కాదు, పురిటిగది గోడమీది గడియారములోను కనబడవలయును. ఆ గడియారము చూచి అయిదు నిమిషముల కొకసారి బిడ్డ గుండె విను చెవి యున్ననాడు, వినకపోయిన నాడు జవాబు చెప్పు నోరున్ననాడు, పేదతల్లి ఈ దేశమును తనది యనుకొనును. అంతవరకు మేము అడుగుట మానము.