బర్మా చెర, మన మౌనము

పొరుగింట దొంగలు పడినప్పుడు తలుపు గడియ వేసికొని కూర్చుండువానిని పిరికివాడందురు. తెల్లవారినపిదప ఆ దొంగకే పీట వేసి మర్యాద చేసినచో నేమందురో పాఠకులే చెప్పవలెను. బర్మా విషయమున మన కేంద్ర ప్రభుత్వమువారు 2021 మొదలుకొని నడచిన త్రోవ యిట్టిది.

2020 నవంబరు ఎన్నికలలో ఆంగ్ సాన్ సూకీ పక్షమునకు పోటీ జరిగిన 476 పార్లమెంటు స్థానములలో 396 లభించెను. సైన్యము పెంచిన పక్షమునకు దక్కినవి 33. అచ్చటి 2008 నాటి రాజ్యాంగమును వ్రాయించినవారును సైనికులే. నూటికి 25 స్థానములు ఎన్నికతో పనిలేకుండ తమకే యుంచుకొనిరి. నూటికి 75 మించిన ఓట్లు లేనిదే ముఖ్యభాగములు సవరింపరాదనిరి. తాళమును తాళపుచెవియు తమ మొలలోనే యున్నను తృప్తిలేక, క్రొత్త సభ కూడవలసిన 2021 ఫిబ్రవరి 1వ తేదీనాడే ప్రజానాయకులను చెరబట్టిరి. 2022 జూలైలో నలుగురిని ఉరితీసిరి. అందొకడు మాజీ పార్లమెంటు సభ్యుడు. 2023 మార్చిలో గెలిచిన పక్షమునే రద్దుచేసి, 2025 డిసెంబరు 28న ఎన్నికల తంతు నారంభించిరి. పెండ్లికుమారుని ఖైదులో నుంచి పందిరి వేయుట యనగా నిదియే.

మనవారేమి చేసిరి? 2021 మార్చి 27న నేపిడాలో జరిగిన సైనిక దినోత్సవ కవాతునకు ప్రతినిధులను పంపిన ఎనిమిది దేశములలో మనదొకటి. ఆ దినముననే వీథులలో నూరుమందికి పైగా తుపాకిగుండ్లకు బలియైరి. జూన్ మాసమున ఐక్యరాజ్యసమితి మహాసభలో 119 దేశములు తీర్మానమును బలపరుపగా మనవారు తటస్థులైరి. 2022 డిసెంబరులో భద్రతామండలియందు చైనా, రష్యాల ప్రక్కన మరల తటస్థులే. ఉరితీతలనాడు ‘ఆందోళన’ యను మాట యొకటి వెలువడిన మాట నిజమే. 2025 ఏప్రిల్‌లో ప్రధాని మోదీ బ్యాంకాక్‌లో సేనాని మిన్ ఆంగ్ లైంగ్‌ను కలిసికొనిరి. అంతకుముందు భూకంపమువేళ మన సైనికులును వైద్యులును పోయి చేసిన సాయము శ్లాఘనీయము. దానిని మేము తప్పుపట్టము. శిథిలములక్రింద నున్నవానికి చేయూతనిచ్చుట వేరు, వాని నెత్తిపై నెక్కినవానికి గౌరవ మిచ్చుట వేరు.

పరుల గృహకలహము మనకేల యందురు ఢిల్లీ విజ్ఞులు. 1946లో, ఇంకను స్వరాజ్యము రాకమునుపే, దక్షిణాఫ్రికా వర్ణద్వేషమును సమితియెదుట నిలిపినదెవరు? ఆ దేశముతో వర్తకము మానినదెవరు? ఇది మా యింటి సంగతి యని నాడు తెల్లదొరలు చెప్పిన సమాధానమునే నేడు మనవారు వల్లించుచున్నారు! అదిగాక, తెలుగువారికి రంగూను పరాయి ఊరని చెప్పువాడు కోరంగి, కాకినాడ, విశాఖ రేవుల చరిత్ర యెరుగనివాడు. 1937 వరకు బర్మా మనతో నొకే పాలనలో నుండెను. తిలక్ మహాశయుడు ఆరేండ్లు చెరనున్నది మాండలేలోనే.

మనము తొలగినచో చైనా ప్రవేశించుననుట రెండవ వాదము. ఇది వినసొంపైనది గనుక కొంత నిలిచి చూతము. చైనా సేనానితోను మాటలాడుచున్నది, వానిపై తుపాకి పట్టిన సరిహద్దు దళములతోను మాటలాడుచున్నది. మనము సేనానిని నమ్ముకొని కలాదాన్ మార్గమును తలపెట్టి, సిట్వే రేవు కట్టితిమి. ఆ మార్గమున ముఖ్యమైన పలెట్వా పట్టణము 2024 జనవరిలో ఆరకాన్ సైన్యము వశమాయెను. రేవొకరిది, త్రోవ యింకొకరిది! ప్రజల మైత్రియు పోయె, పనియు సాగదాయె. రెంటికి చెడిన రేవడి సామెత మనకోసమే పుట్టినట్లున్నది.

ఈ వ్యవహారమున భారతదేశపు పరువు నిలిపినది మిజోరాము. 2021 మార్చిలో, వచ్చువారిని ఆపుడని కేంద్రము ఉత్తరువు పంపగా, తమ నెత్తురు పంచుకొన్న చిన్ జనులను తుపాకులకు తిప్పిపంపజాలమని ఆ చిన్న రాష్ట్రము బదులు చెప్పెను. చర్చీలును గ్రామసంఘములును అన్నము పెట్టినవి. దీనికి ఢిల్లీ చేసిన సత్కారమేమనగా, 2024 ఫిబ్రవరిలో 1,643 కిలోమీటర్ల సరిహద్దు పొడవునను కంచె వేయుదుమని ప్రకటించుట. కంచెకు దొరకు ధనము ఆ కాందిశీకుల బియ్యమునకు ఏల దొరకదో, ఓట్లు పొంది అడవుల పాలైన ప్రతినిధులను ఢిల్లీకి పిలిచి మాటలాడుటకు అడ్డమేమో, పార్లమెంటులో మన ఆంధ్ర, తెలంగాణ సభ్యులైనను లేచి అడుగవలెను.