పిల్లల భద్రత: ఫిర్యాదుకు ముందే కావలసిన నమ్మకం

పోక్సో చట్టం కింద నమోదయ్యే లైంగిక దాడి కేసుల్లో 90 శాతానికి పైగా నిందితులు బాధితులకు ముందే తెలిసినవారని జాతీయ నేర గణాంకాల బ్యూరో నివేదికలు చెబుతున్నాయి. వారు బంధువులో, ఇరుగుపొరుగువారో, కుటుంబ మిత్రులో అయి ఉంటారు. ఇటువంటి నేరాన్ని వీధి గస్తీ గానీ, నిఘా కెమెరాలు గానీ పసిగట్టలేవు. ఆ విషయాన్ని బిడ్డ నోరు విప్పి ఎవరికైనా చెప్పాలి. విన్నవారు దానిని పోలీసులకు తెలియజేయాలి. పిల్లల భద్రతలో సమాజానికీ, పోలీసులకూ మధ్య ఉండే నమ్మకం కీలకం కావడానికి కారణం ఇదే.

ఈ సంగతిని మన చట్టాలు ముందే గుర్తించాయి. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం బాధిత బాలల వాంగ్మూలాన్ని వారి ఇంటి వద్ద గానీ, వారు కోరిన చోట గానీ నమోదు చేయాలి. ఆ సమయంలో పోలీసు అధికారి యూనిఫాంలో ఉండరాదు. రాత్రివేళ బాలలను స్టేషన్‌లో ఉంచరాదు. 2015 నాటి బాల న్యాయ చట్టం మరో అడుగు ముందుకు వేసింది. ప్రతి స్టేషన్‌లో కనీసం ఒక అధికారి ప్రత్యేకంగా బాలల వ్యవహారాలనే చూడాలని, ప్రతి జిల్లాలోని ప్రత్యేక విభాగంలో ఇద్దరు సామాజిక కార్యకర్తలు ఉండాలని, వారిలో ఒకరు మహిళ కావాలని నిర్దేశించింది.

అయితే బందోబస్తు, దర్యాప్తు, కోర్టు విధుల ఒత్తిడి నడుమ పిల్లల బాధ్యత అదనపు పనిగా మారితే చట్టం ఉద్దేశం నెరవేరదు. శిక్షణ పొందిన అధికారి బదిలీ అయినప్పుడు, ఆ ప్రాంత ప్రజలతో ఏర్పడిన పరిచయం కూడా ఆయనతోనే వెళ్లిపోతుంది.

ఈ పరిచయాన్ని బడి స్థాయిలోనే పెంచేందుకు కేరళ 2010లో స్టూడెంట్ పోలీస్ క్యాడెట్ పథకాన్ని ప్రారంభించింది. కేంద్రం 2018 జులైలో దానిని దేశవ్యాప్తం చేసింది. 8, 9 తరగతుల విద్యార్థులకు ఉద్దేశించిన ఈ కార్యక్రమంలో నిర్ణీత పాఠ్యపుస్తకం గానీ, పరీక్ష గానీ లేవు. కానీ జాతీయ స్థాయిలో ప్రతిపాదించింది నెలకు ఒక్క తరగతే. పోలీసులంటే ఉన్న భయం పోవడానికి అది ఆరంభం మాత్రమే కాగలదు. తెలంగాణలో 2014లో మొదలైన షీ టీమ్స్ మఫ్టీలో పనిచేస్తాయి. పట్టుబడిన మైనర్లకు తల్లిదండ్రుల సమక్షంలో కౌన్సెలింగ్ ఇస్తాయి. తప్పు చేసిన కుర్రవాడిని కూడా దారిలో పెట్టవలసిన బాలుడిగా చూడడం ఇందులోని విశేషం.

సమాజ భాగస్వామ్యానికి హద్దులు కూడా అవసరమే. పిల్లలను ఎత్తుకుపోయేవారు తిరుగుతున్నారన్న వాట్సాప్ వదంతులతో 2018 జులై 1న మహారాష్ట్రలోని ధూలే జిల్లా రైన్‌పాడాలో ఐదుగురిని కొట్టి చంపారు. అదే నెలలో కర్ణాటకలోని బీదర్ జిల్లాలో హైదరాబాద్‌కు చెందిన యువ ఇంజినీరు మూకదాడికి బలయ్యారు. పిల్లలను కాపాడాలన్న ఆరాటమే అక్కడ ప్రాణాలు తీసింది. అనుమానం కలిగినప్పుడు సంప్రదించదగిన అధికారి ఎవరో తెలిసి, ఆయన స్పందిస్తారన్న నమ్మకం ఉన్న ఊరిలో ఇటువంటి వదంతులకు అంత బలం ఉండదు.

1996లో ముంబయిలో మొదలైన 1098 సహాయవాణిని 2023లో అత్యవసర నంబరు 112తో అనుసంధానించే ప్రక్రియ చేపట్టారు. పిల్లలు ఫోన్ చేయడానికి మార్గం ఉంది. ఆ ఫోన్ చేసే ధైర్యం మాత్రం అంతకు ముందే బడిలో, ఇంట్లో, వాడలో కలగాలి. ప్రతి పాఠశాలలో స్థానిక బాలల సంక్షేమ పోలీసు అధికారి పేరు, ఫోన్ నంబరు ప్రదర్శించడం, బదిలీ జరిగినప్పుడు కొత్త అధికారిని విద్యార్థులకు పరిచయం చేయడం పెద్ద ఖర్చుతో కూడిన పనులు కావు. పిల్లల భద్రతకు అవసరమైన చట్టాలు ఉన్నాయి. వాటిని అమలు చేసే అధికారి పిల్లలకు తెలిసిన మనిషి కావడమే ఇక జరగవలసినది.