సృష్టి పాఠములు: తల్లి చేప ఎదురుచూచే నీరు



తొలకరి వాన గట్టిగా కురిస్తే శారదా నదిలోనికి, మన గెడ్డలలోనికి ఎర్రనీరు దిగుతుంది. ఆ నీటికి చేపలు ఎదురెక్కుతాయి. అనకాపల్లి చుట్టుపక్కల పల్లెల్లో కాలువలకు అడ్డుకట్టలు వేసి, మావులు పెట్టి, కడుపునిండా జన ఉన్న చేపలను పట్టుకొస్తారు. ఆ కూర రుచి మనమందరము ఎరిగినదే. అయితే ఆ చేప ఎందుకు ఎదురెక్కిందో కూడా మనము తెలిసికొనవలెను.

చేప కడుపులో గుడ్లు ఒక్క రాత్రిలో తయారుకావు. వేసవిలో పగలు పెరిగి, నీరు వేడెక్కగానే చేప మెదడు దానిని గుర్తిస్తుంది. వెంటనే తన క్రిందనున్న పిట్యూటరీ అను చిన్న గ్రంథికి కబురు పంపుతుంది. ఆ గ్రంథి హార్మోనులను రక్తములోనికి విడుస్తుంది. అవి అండాశయమును మేల్కొల్పుతాయి. అండాశయము ఈస్ట్రోజెన్ అను మరొక హార్మోనుతో కాలేయమునకు కబురు చేస్తుంది. కాలేయము పచ్చసొనకు కావలసిన మాంసకృత్తులను తయారుచేసి గుడ్లకు అందిస్తుంది. ఇలా శీలావతి చేపలో కిలో బరువుకు రెండు లక్షలకు పైగా గుడ్లు పెరుగుతాయి.

ఇంత జరిగినా గుడ్లు బయటికి రావు. బొచ్చె, శీలావతి, మోసు చేపలకు పారే వరదనీరు కావాలి. చెరువులోని నిలువ నీటిలో గుడ్లు పెరిగినా, మెదడులోని డోపమైన్ అను పదార్థము చివరి కబురును ఆపివేస్తుంది. అందుకే పూర్వము చెరువులలో వేయుటకు చేపపిల్లలను నదులలో ఏరి తేవలసి వచ్చేది.

1957 జూలై 10న ఒడిశాలోని అంగుల్‌లో డాక్టర్ హీరాలాల్ చౌధురి, డాక్టర్ కె.హెచ్. అలికున్హి దీనికి మార్గము చూపారు. ఒక చేప తలలోని పిట్యూటరీ గ్రంథిని తీసి, దాని రసమును మరొక చేపకు సూదిమందుగా ఇచ్చి గుడ్లు పెట్టించారు. అందుకే ఏటా జూలై 10ని జాతీయ మత్స్య రైతుల దినోత్సవముగా జరుపుతారు. నేడు హేచరీలలో ఓవాప్రిమ్ వంటి మందు వాడతారు. అందులో ఒక పదార్థము మెదడు పంపే కబురు పనిని చేస్తుంది. డోమ్‌పెరిడోన్ అను మరొకటి డోపమైన్‌ను అడ్డుకుంటుంది. సాయంత్రము సూది వేస్తే తెల్లవారేసరికి చేప గుడ్లు పెడుతుంది. మన ఊరి చెరువులలో వదిలే బొచ్చె, శీలావతి పిల్లలు ఇలా పుట్టినవే.

మరి గెడ్డలోని పరిగెకు, జెల్లకు సూది వేయువారెవరు? వాటికి దేవుడు కురిపించే వానే ఆధారము. నెలల తరబడి గుడ్లను మోసి, చివరి కబురు అందిన ఆ ఘడియలోనే మన మావు దానికి అడ్డుపడుతున్నది. ఒక్క చేపను పట్టితిమని అనుకుంటాము. దాని వెనుక వచ్చే వేల పిల్లలను కూడా పట్టుచున్నాము. ఇంతకు ముందు గెడ్డలలో చేపలుండేవని పెద్దలు చెప్పే మాట మన పిల్లలు కథగా వినవలసినదేనా?

ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయములో 6, 7 వచనములు చదవండి. గూటిలోని తల్లి పక్షిని విడిచిపెట్టమని దేవుడు తన ప్రజలకు ఆజ్ఞ ఇచ్చాడు. తినవద్దని కాదు, తల్లిని తుడిచిపెట్టవద్దని. ఆ న్యాయము చేపకు మాత్రము వర్తించదా?

మన జిల్లాలోని పూడిమడక మొదలైన తీర గ్రామములను చూడండి. ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజులు యంత్రపు పడవలతో సముద్రపు వేట నిషేధము. ఆ వేటే జీవనాధారమైనవారు రెండు నెలలు ఆగుచుండగా, ఒక పూట కూర కొరకు మనము కొద్ది రోజులు ఆగలేమా?

సంఘములోని యౌవనస్థులు ఊరి పెద్దలతో కూర్చుండి మాట్లాడండి. తొలి వరద వచ్చిన వారము రోజులు గెడ్డకు అడ్డుకట్ట వేయకుండ చూడండి. గుడ్లు పెట్టిన చేపను తరువాత పట్టుకొనవచ్చును. పట్టకుండ మిగిలినది మరుసటి ఏడు మరల గుడ్లు పెడుతుంది.

సమయమెరిగి ఆగగల మనస్సును ప్రభువు మనకు దయచేయును గాక.