మధ్యలో తొంగిచూడాలంటే ముందే మాటివ్వాలి

1985లో అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయ వైద్యులు ఒక క్లినికల్ ట్రయల్ ఫలితాలు ప్రచురించారు. అందులో ఉన్నది పన్నెండుమంది పసిగుడ్లు. పుడుతూనే ఊపిరి అందక, వెంటిలేటర్ పెట్టినా తేరుకోని పిల్లలు. రక్తాన్ని ఒంట్లోంచి బయటికి తీసి, ఆక్సిజన్ ఎక్కించి మళ్లీ లోపలికి పంపే ఎక్మో యంత్రం వాళ్లను దక్కిస్తుందా అన్నది ప్రశ్న. సగంమందికి ఇది, సగంమందికి అది అని పంచడానికి డాక్టర్ రాబర్ట్ బార్ట్‌లెట్ బృందానికి మనసొప్పలేదు. అందుకని ఫలితాన్ని బట్టి మారే లాటరీ పెట్టారు. మొదట రెండు చికిత్సలకూ తలా ఒక చీటీ. ఒక చికిత్సతో బిడ్డ బతికితే దాని పేరిట ఇంకో చీటీ కలుపుతారు. బిడ్డ దక్కకపోతే ఎదుటి చికిత్స పేరిట కలుపుతారు. మొదటి బిడ్డకు ఎక్మో వచ్చింది, బతికింది. రెండో బిడ్డకు మామూలు చికిత్స వచ్చింది, చనిపోయింది. ఆ తర్వాత వచ్చిన పదిమందికీ ఎక్మోనే అందింది. పదిమందీ బతికారు.

ఇంకేం కావాలి అనిపిస్తుంది. కానీ వైద్యలోకం నమ్మలేదు. పోల్చి చూడటానికి ఎదురుగా ఉన్నది ఒకే ఒక్క బిడ్డ. ఆ బిడ్డ అందరికన్నా ముదిరిన జబ్బుతో వచ్చి ఉంటే? దానికి ఆ ట్రయల్ దగ్గర జవాబు లేదు.

తర్వాత బోస్టన్‌లో హార్వర్డ్ వైద్యులు మళ్లీ మొదలుపెట్టారు. ఏ వైపైనా నాలుగు మరణాలు జరిగితే లాటరీ ఆపి, ఆపైన వచ్చే పిల్లలందరికీ రెండో చికిత్సే ఇవ్వాలని ముందే రాసుకున్నారు. మామూలు చికిత్స పొందిన పదిమందిలో నలుగురు పోయారు. ఎక్మో మీదున్న తొమ్మిదిమందీ దక్కారు. షరతు ప్రకారం లాటరీ ఆపి, తర్వాతి 20 మందికి ఎక్మో ఇస్తే 19 మంది బతికారు. 1989లో ఇది అచ్చయ్యాక విమర్శలు రెండు వైపుల నుంచీ వచ్చాయి. ఈ సాక్ష్యం చాలదన్నారు కొందరు. మేలైనదేదో తెలిసి కూడా ఆ నలుగురినీ పోగొట్టుకున్నారని అన్నారు ఇంకొందరు. పైగా అనుమతి అడిగింది ఎక్మో వంతు వచ్చిన పిల్లల తల్లిదండ్రులనే. మిగతా తల్లిదండ్రులను అడగనే లేదు. చివరికి బ్రిటన్‌లో 185 మంది పిల్లలను చెరిసగంగా పంచి చేసిన ట్రయల్ 1996లో విషయం తేల్చింది. ఎక్మో వంతు వచ్చిన 93 మందిలో 30 మంది, మామూలు చికిత్స వంతు వచ్చిన 92 మందిలో 54 మంది చనిపోయారు. ఆ ట్రయల్‌నీ అనుకున్న గడువుదాకా నడపలేదు. మధ్యలో లెక్కలు చూసిన స్వతంత్ర కమిటీ చెప్పడంతో ముందే ఆపారు.

ఆ 54 అనే అంకె దగ్గర నేను ఆగిపోతాను. మిషిగన్ వైద్యులు తమ ముందున్న పన్నెండుమంది పట్ల దయ చూపారు. ఆ దయ ఎవరినీ ఒప్పించలేకపోయింది. దాని మూల్యం తర్వాతి పదేళ్లలో పుట్టిన పిల్లలు చెల్లించారు. వచ్చిన ఫలితాన్ని బట్టి దారి మార్చుకునే ట్రయళ్లను అడాప్టివ్ ట్రయళ్లు అంటారు. వాటి మీద నాకున్న గౌరవమూ భయమూ రెండూ ఈ కథలోంచి పుట్టినవే.

మధ్యలో చూడటంలో ఉన్న ప్రమాదమేమిటో అర్థం కావడానికి మనకు ఓట్ల లెక్కింపు తెలిస్తే చాలు. ఇరవై రౌండ్ల లెక్కింపులో, తన అభ్యర్థి ఆధిక్యంలో ఉన్న ఏ రౌండ్‌లోనైనా లెక్క ఆపి గెలుపు ప్రకటించుకునే హక్కు ఒక పార్టీకి ఇచ్చామనుకోండి, దాదాపు ఎవరినైనా గెలిపించుకోవచ్చు. మందుల విషయంలోనూ అంతే. పనిచేయని మందును పొరపాటున పనిచేస్తుందని ప్రకటించే అవకాశం నూటికి ఐదుకు మించకూడదన్నది వాడుకలో ఉన్న కట్టుబాటు. చివర్లో ఒక్కసారే చూస్తే అది ఐదే. మధ్యలో చూస్తూ, చూసిన ప్రతిసారీ అదే కొలత పెడితే, ఐదు చూపులకు అది 14 దాటుతుంది, పది చూపులకు 19 దాటుతుంది. గణాంక శాస్త్రవేత్త పీటర్ ఆర్మిటేజ్, ఆయన సహచరులు 1969లోనే ఇది లెక్కగట్టి చూపించారు.

అలాగని చూడకుండా కూర్చోవడమూ అన్యాయమే. చచ్చిపోతున్నవాళ్ల లెక్క బీరువాలో పెట్టి తాళం వేసే హక్కు ఎవరికీ లేదు. అందుకే గణాంక శాస్త్రవేత్తలు చూపుకు వెల కట్టారు. పోకాక్ 1977లో చెప్పిన పద్ధతిలో ఐదుసార్లు చూసేటట్టయితే ప్రతిసారీ ఐదు శాతానికి బదులు సుమారు 1.6 శాతం గీత దాటాలి. ఓబ్రయన్, ఫ్లెమింగ్ 1979లో చెప్పిన పద్ధతి నాకు ఎక్కువ నచ్చుతుంది. మొదటి చూపులో గీత లక్షకు ఒక వంతు కన్నా కఠినంగా ఉంటుంది. సాక్ష్యం పోగయ్యేకొద్దీ సడలి, చివరికి నాలుగు శాతం దాకా వస్తుంది. తొలి రోజుల్లో ఇద్దరు బతికారనో ఒకరు పోయారనో మనసు ఊగిపోకుండా కాపాడేది అదే. ఎన్నిసార్లు చూస్తారో, ఏ గీత దాటితే ఏం చేస్తారో మొదటి రోగి చేరకముందే ప్రోటోకాల్‌లో రాసి ఉండాలి. మధ్యలో అంకెలు చూసేది మందు తయారుచేసినవాళ్లో చికిత్స చేసేవాళ్లో కాక వేరే కమిటీ అయి ఉండాలి. మార్చుకునే స్వేచ్ఛ ఎంత ఎక్కువైతే ముందు ఇచ్చే మాట అంత గట్టిగా ఉండాలి.

ఈ శాస్త్రానికి మన దేశంతో ఉన్న బంధం చాలామందికి తెలియదు. అంచెలంచెలుగా సాక్ష్యం తూచే సీక్వెన్షియల్ విశ్లేషణకు పునాది వేసిన అబ్రహం వాల్డ్, బెంగాల్లో జనుము సాగు విస్తీర్ణం అంచనాకు మన గణాంక శాస్త్రవేత్త మహలనోబిస్ విడతలవారీగా చేయించిన సర్వేలను తన పద్ధతికి పూర్వరూపంగా పేర్కొన్నాడు. ఆ వాల్డ్ 1950 డిసెంబరులో ఉపన్యాసాలివ్వడానికి మన దేశం వచ్చి, నీలగిరుల్లో విమానం కూలి భార్యతో సహా మరణించాడు.

ఇదంతా డబ్బున్న దేశాల వ్యవహారమనేవాళ్లకు కాంగోను చూపిస్తాను. 2018 నవంబరులో తూర్పు కాంగోలో ఎబోలా ప్రబలుతుండగా నాలుగు మందులను పక్కపక్కన పెట్టి పరీక్షించే ట్రయల్ మొదలైంది. దానికి నాయకత్వం వహించినవారిలో ఆ దేశపు శాస్త్రవేత్త జాన్ జాక్ ముయెంబే ఒకరు. 2019 ఫిబ్రవరిలో కట్వా, బుటెంబో చికిత్సా కేంద్రాలను దుండగులు తగలబెట్టారు. అయినా ట్రయల్ ఆగలేదు. 725 మందిని చేర్చాలనుకున్నారు. ఆగస్టులో 499 మంది ఫలితాలు చూసిన కమిటీ, ఒక మందు ముందే గీసిన గీత దాటిందని గుర్తించింది. వెనకబడ్డ రెండు మందులను వెంటనే ఆపించింది. ఆ రెండింటిలో ఒకటి పొందినవారిలో సగంమంది దాకా చనిపోగా, నిలిచిన రెండింటిలో మరణాలు మూడో వంతుకు కాస్త అటూ ఇటూగా ఉన్నాయి. ఆ రోజు నుంచి వచ్చిన రోగులకు ఆ రెండు మందులే ఇచ్చారు.

మరి కొవిడ్ విరుచుకుపడ్డ 2021 వేసవిలో మనమెలా ఉన్నాం? కోలుకున్నవారి ప్లాస్మా ఎక్కించడం వల్ల కొవిడ్ మరణాలు తగ్గవని ఐసీఎంఆర్ 39 ఆస్పత్రుల్లో 464 మంది మీద చేసిన మన సొంత ట్రయల్ 2020లోనే చెప్పింది. అయినా 2021 మే నెల మధ్య దాకా ప్లాస్మా చికిత్సా మార్గదర్శకాల్లోనే ఉంది, దాతల కోసం కుటుంబాలు రాత్రింబవళ్లు ఫోన్లు చేస్తూనే ఉన్నాయి. బ్రిటన్‌లో రికవరీ ట్రయల్ 2020 మార్చిలో మొదలై జూన్ కల్లా డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ సంగతి తేల్చింది. వెంటిలేటర్ మీదున్నవారిలో మరణాలు 41.4 శాతం నుంచి 29.3కు తగ్గాయి. ఆక్సిజన్ అవసరం లేనివారిలో మాత్రం ఏ మేలూ కనబడలేదు, అంకెలు కీడు వైపే మొగ్గాయి. ఆ ఫలితంలో మొదటి సగాన్నే మనం విన్నాం. ఆక్సిజన్ తగ్గనివాళ్లకు కూడా ఇళ్ల దగ్గరే స్టెరాయిడ్లు వాడారు. అదుపులో లేని షుగరుకు అవి తోడై బ్లాక్ ఫంగస్ విజృంభించింది. హైదరాబాద్ కోఠిలోని ఈఎన్‌టీ ఆస్పత్రిని ఆ జబ్బుకే ప్రత్యేక కేంద్రం చేయాల్సి వచ్చింది.

అదే మే నెలలో నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో నాటుమందు కోసం వేలమంది బారులు తీరారు. వాళ్లను నేను తప్పుపట్టను. తప్పు, వాళ్లకు జవాబు చెప్పగల ఏర్పాటు ముందే సిద్ధం చేసుకోని మనందరిదీ. కొత్త మందును మధ్యలో చేర్చడానికీ, పనికిరానిదాన్ని తీసేయడానికీ వీలుగా ఎప్పుడూ నడుస్తుండే ట్రయల్ ఒకటి ఆస్పత్రుల్లో ఉండి ఉంటే, భద్రత పరీక్షలు దాటాక ఆ మందు సంగతి కూడా తేల్చి ఉండొచ్చు.

ట్రయల్ అనగానే మన జనానికి భయం, అందుకు కారణమూ ఉంది. ఖమ్మం జిల్లాలో 2009లో గిరిజన బాలికలకు హెచ్‌పీవీ టీకాలు వేసినప్పుడు అనుమతి పత్రాల మీద హాస్టల్ వార్డెన్లు సంతకాలు చేశారు. పార్లమెంటరీ కమిటీ దాన్ని గట్టిగా తప్పుపట్టింది. బోస్టన్ తల్లిదండ్రులను అడగకపోవడం, ఖమ్మం తల్లిదండ్రులను అడగకపోవడం నా దృష్టిలో ఒకే నేరం.

చేయగల శక్తి మనకుంది. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే ఇండియా అలయన్స్ అనే పరిశోధనా సంస్థ నిధులతో, తీవ్రమైన స్క్రబ్ టైఫస్ జ్వరానికి మూడు చికిత్సలను ఏడు ఆస్పత్రుల్లో దాదాపు 800 మంది మీద పోల్చారు. డాక్సీసైక్లిన్, అజిత్రోమైసిన్ కలిపి ఇస్తే విడివిడిగా ఇచ్చినదానికన్నా మేలని 2023లో చూపించారు. పని అయ్యాక విడిపోయే జట్టుగా కాక, అలాంటిదాన్ని శాశ్వతంగా నిలబెట్టాలి. నిమ్స్, గాంధీ, విశాఖ కేజీహెచ్, తిరుపతి స్విమ్స్ కలిసి వచ్చే వానాకాలపు జ్వరాలతోనే మొదలుపెట్టొచ్చు. ఎప్పుడు చూస్తారు, ఏ గీత దగ్గర ఆపుతారు, ఆపమని చెప్పే కమిటీలో ఎవరుంటారు అన్నది రెండు రాష్ట్ర ప్రభుత్వాలూ మొదటి రోగి చేరకముందే తెలుగులో ప్రకటించాలి. ప్రతి రోగినీ, లేదా వాళ్ల ఇంటివాళ్లను, ఎదురుగా కూర్చుని అడగాలి.