ఫ్యామిలీ బ్యాక్‌గ్రౌండ్ అనే ప్రశ్న



ఈ వార్షికోత్సవ సంచికకు రచనలు ఇవ్వమని వార్డెన్ సార్ నోటీసు పెట్టిన వారంలోనే మేము, అంటే ఫైనల్ ఇయర్ వాళ్ళం, బయోడేటాలు రాసుకోవడం మొదలుపెట్టాం. ఆ రాత్రి స్టడీ అవర్‌లో ఒక తమ్ముడు లేచి, "అన్నా, అడ్రసు దగ్గర సాంఘిక సంక్షేమ వసతి గృహం అని రాయాల్నా, ఊరి అడ్రసు ఇస్తే సరిపోతదా?" అని అడిగాడు. ఎవరూ వెంటనే జవాబు చెప్పలేదు. ఆ ప్రశ్న మా అందరి మనసుల్లోనూ ఉన్నదే, వాడు బయటికి అన్నాడంతే.

మా హాస్టల్లోనే చదివి వెళ్ళిన ఒక అన్న హైదరాబాద్‌లో ఓ ప్రైవేటు కంపెనీలో చేరాడు. రాత పరీక్ష, గ్రూప్ డిస్కషన్, టెక్నికల్ ఇంటర్వ్యూ అన్నీ దాటాడు. చివరి రౌండులో హెచ్.ఆర్. మేడం "మీ ఫ్యామిలీ బ్యాక్‌గ్రౌండ్ చెప్పండి" అన్నది. నాన్న ఎనుమాముల మార్కెట్లో హమాలీ, అమ్మ కైకిలి పోతది, నేను ఐదో తరగతి నుంచి హాస్టల్లోనే చదివిన అని ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. ఉద్యోగం వచ్చింది. చేరిన మూడో నెలలో ఒక రిపోర్టులో తప్పు దొర్లింది. ఆ తప్పు అన్నది కాదని తర్వాత తేలింది కూడా. కానీ తేలకముందే మేనేజరు పక్కవాళ్ళతో "ఇట్లాంటోళ్ళు కోటాల వస్తరు, మోసేది మనం" అన్నాడట.

గమ్మత్తేమిటంటే ఆ కంపెనీలో కోటా అనేదే లేదు. రాజ్యాంగంలోని 16(4) అధికరణం మాట్లాడేది ప్రభుత్వ ఉద్యోగాల గురించి. ఎస్సీ, ఎస్టీ రిజర్వేషన్ ప్రైవేటు కంపెనీలకు వర్తించదు. మరి లేని కోటాలో మా అన్న ఎలా వచ్చినట్టు? ఆ మేనేజరుకు రిజర్వేషన్ చట్టం తెలియక అన్న మాట కాదు అది. మనిషిని చూశాడు, ఇంటిపేరు విన్నాడు, మిగతాది ఊహించుకున్నాడు. ఇప్పుడు పెద్ద కంపెనీలు 'డైవర్సిటీ' అని ఒక మాట వాడుతున్నాయి. మంచి మాటే. కానీ దాని వెనకే "లెక్క కోసం తీసుకున్నారులే" అనే గొణుగుడు కూడా వస్తున్నది. ఆడపిల్లలు ఉద్యోగాల్లో చేరినా ఇదే గొణుగుడు.

ఇదంతా మన ఊహ, మన న్యూనతాభావం అనేవాళ్ళుంటారు. వాళ్ళ కోసం ఒక లెక్క చెబుతాం. ప్రొఫెసర్ సుఖదేవ్ థోరట్, అమెరికా ప్రొఫెసర్ పాల్ అట్‌వెల్ కలిసి 2005 అక్టోబరు నుంచి 66 వారాల పాటు ఇంగ్లీషు పత్రికల్లో వచ్చిన ప్రైవేటు ఉద్యోగ ప్రకటనలకు దరఖాస్తులు పంపారు. 548 ప్రకటనలు, 4,808 దరఖాస్తులు. చదువు, అనుభవం సమానం. తేడా పేరులోనే. ఒకటి అగ్రవర్ణ పేరు, ఒకటి దళిత పేరు, ఒకటి ముస్లిం పేరు. అగ్రవర్ణ పేరుతో పోలిస్తే దళిత పేరుకు పిలుపు వచ్చే అవకాశం సుమారు మూడింట రెండు వంతులే ఉన్నది. ముస్లిం పేరుకైతే మూడింట ఒక వంతు. 2007లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి. అక్కడ ఎవరూ ఎవరి ముఖమూ చూడలేదు, మార్కులు తక్కువని అనడానికీ వీల్లేదు. అమెరికాలో నల్లవారి పేర్లతో ఇలాంటి పరీక్షే చేసి 2004లో ప్రచురించారు. తెల్లవారి పేరుకు 10 దరఖాస్తులకు ఒక పిలుపు వస్తే నల్లవారి పేరుకు 15 పంపితే గాని రాలేదు. వాళ్ళకు రంగు, మనకు కులం. తెలుగువాళ్ళు ఎంతోమంది పనిచేసే సియాటిల్ నగరం 2023లో కులవివక్షను నిషేధిస్తూ చట్టం చేసుకోవలసి వచ్చిందంటే మనవాళ్ళు విమానంలో ఏమేం మోసుకుపోయారో అర్థమవుతుంది.

మా అన్నను అడిగిన ఆ 'బ్యాక్‌గ్రౌండ్' ప్రశ్న కూడా కొత్తది కాదు. అదే రోజుల్లో సురీందర్ జోధ్కా, కాథరిన్ న్యూమన్ అనే పరిశోధకులు పెద్ద కంపెనీల హెచ్.ఆర్. అధికారులతో మాట్లాడారు. మేము చూసేది ప్రతిభే, కులం కాదు అన్నారు వాళ్ళు. అయినా అభ్యర్థిని కుటుంబ నేపథ్యం అడగడం మాత్రం మానలేదు. నాన్న ఏం చేస్తాడన్నది ప్రతిభ ఎలా అవుతుందో మాకు తెలియదు. హమాలీ కొడుకు డిగ్రీ పాసయితే అదీ ఒక బ్యాక్‌గ్రౌండే కదా, దానికి మార్కులు వేసే కాలమ్ ఏ ఫారంలోనూ లేదు.

ఇక "మోసేది మనం" అన్న మాట దగ్గరికి వద్దాం. ఇది నిజంగా కోటా ఉన్నచోట పరీక్షించాల్సిన మాట. కాజీపేట జంక్షన్ మనకు పక్కనే. లోకో షెడ్డులో, ట్రాక్ మీద, ఆఫీసుల్లో రిజర్వేషన్ ద్వారా వచ్చినవాళ్ళు దశాబ్దాలుగా పనిచేస్తున్నారు. అశ్విని దేశ్‌పాండే, థామస్ వైస్‌కాఫ్ అనే ఆర్థికవేత్తలు 1980 నుంచి 2002 వరకు భారతీయ రైల్వే జోన్ల లెక్కలు తీసి చూశారు. 2014లో అచ్చయిన ఆ పరిశోధన ప్రకారం ఎస్సీ, ఎస్టీ ఉద్యోగుల శాతం పెరిగినందువల్ల రైల్వే ఉత్పాదకత తగ్గిందనడానికి ఆధారం దొరకలేదు. పైగా ఎ, బి గ్రేడు పెద్ద ఉద్యోగాల్లో వాళ్ళున్నచోట కొన్ని లెక్కల్లో మేలే కనిపించింది. ఈ మాట టీ కొట్టు దగ్గర ప్రతిభ గురించి ఉపన్యాసాలిచ్చే పెద్దమనుషులకు చేరలేదు. ఆ ఉపన్యాసం అయ్యాక వాళ్ళు ఎక్కేది కూడా ఆ రైలే.

అయితే ఒక్క మాట మనలో మనం ఒప్పుకోవాలి. ఈ ఊహించుకునే జబ్బు మనకు లేదా? తండా నుంచి వచ్చిన తమ్ముడు తెలుగు యాసతో మాట తడబడితే మెస్సులో నవ్వింది మనమే. పక్క బ్లాకు అమ్మాయికి క్యాంపస్ సెలక్షన్లో ఉద్యోగం వస్తే "ఆడపిల్ల కదా, ఇచ్చిండ్రు" అన్నదీ మనలోని వాళ్ళే. ఆ మేనేజరు అన్న మాటకూ ఈ మాటకూ తేడా ఎంత? ఇది రాయాలా వద్దా అని మాలో వాదన జరిగింది. రాయాలనే నిర్ణయించుకున్నాం.

ఆ అన్న ఉద్యోగం మానలేదు. తను పంపిన ప్రతి ఫైలుకూ తేదీ, టైముతో ఒక కాపీ దాచుకోవడం మొదలుపెట్టాడు. తప్పెవరిదో తేల్చింది ఆ కాపీలే. ఇంకొకరికి అవసరంలేని ఈ అదనపు పని మనవాళ్ళు రోజూ చేస్తున్నారు, దానికి జీతం లేదు. మేనేజరు క్షమాపణ చెప్పాడా అని అడిగితే అన్న నవ్వాడు.

వార్షికోత్సవానికి అన్న వస్తున్నాడు. ముందురోజు మాకు నమూనా ఇంటర్వ్యూలు చేస్తానన్నాడు. "ఫ్యామిలీ బ్యాక్‌గ్రౌండ్ కూడా అడుగుత, తల వంచుకుని చెప్తే సున్నా మార్కులు" అని ఫోన్లో ముందే హెచ్చరించాడు. ఆ రాత్రి ప్రశ్న అడిగిన తమ్ముడు మాత్రం ఎవరి జవాబు కోసమూ ఆగలేదు. తెల్లారి చూస్తే వాడి బయోడేటాలో హాస్టల్ అడ్రసు గుండ్రటి అక్షరాల్లో పిన్‌కోడుతో సహా ఉంది.